ఎనిమిది మంది చెప్పిన మాట

"మీ కంపెనీ భాగస్తులు ఏయే రాష్ట్రాల వాళ్లు?"

మధ్య కుర్చీలో ఉన్న జడ్జి అడిగింది ఆ మాట. సెయింట్ లూయిస్ ఫెడరల్ అప్పీలు కోర్టులో వాదన మొదలై నాలుగు నిమిషాలు కూడా కాలేదు. రబ్బరు గొట్టాల గురించి చెప్పుకుపోతున్న కంపెనీ లాయరు గ్రిమ్స్‌లీ ఆగిపోయాడు. మాట్లాడే గడువు ఇంకా ఉందని చెప్పే పచ్చదీపం అతని ముందు వెలుగుతూనే ఉంది.

"మాది అయోవా కంపెనీ అండీ. హికరీ బెండ్ ఎరువుల కంపెనీ. ఆఫీసు అయోవాలో, గోదాములు అయోవాలో."

"ఆఫీసు ఎక్కడని అడగలేదు. మీది రైతులు వాటాలు వేసుకుని పెట్టుకున్న కంపెనీ. అలాంటి దానికి సొంత రాష్ట్రం ఉండదు. భాగస్తులది ఏ రాష్ట్రమైతే దానిదీ అదే. ఎంతమంది?"

"రెండు వందల పైచిలుకు."

"వాళ్లలో నెబ్రాస్కా వాళ్లు ఒక్కరైనా ఉన్నారా?"

గ్రిమ్స్‌లీ తన బల్ల వైపు చూశాడు. అక్కడున్న ఇద్దరు లాయర్లూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"తెలియదండీ."

జడ్జి మార్టా ఫెన్స్కీ వైపు తిరిగింది. మార్టా ఎల్డన్ కూచెరా తరఫు లాయరు. "మీకు తెలుసా?"

"తెలియదండీ." మార్టా మెడ మీద ఎర్రటి మచ్చలు లేచాయి.

"మూడేళ్లుగా కేసు నడుస్తోంది. ఇద్దరికీ తెలియదు. పది రోజుల్లో భాగస్తుల పేర్లన్నీ దాఖలు చెయ్యండి."

ఎల్డన్ వెనక బెంచీ మీద టోపీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. అతనికి డెబ్బై ఒకటి. చచ్చిపోయిన తన భార్య ఆర్డిస్ గురించి ఏం మాట్లాడతారో విందామని నెబ్రాస్కా నుంచి ఎనిమిది గంటలు పికప్ ట్రక్కు తోలుకుంటూ వచ్చాడు. ఎవరూ ఆమె పేరైనా ఎత్తలేదు.

బయట వసారాలో మార్టాను నిలదీశాడు. "ఏమిటా గోల?"

"కూర్చోండి, చెబుతాను."

"నిలబడే వింటాను."

"రాష్ట్ర కోర్టు ఏ తగాదా తెచ్చినా వింటుంది. ఫెడరల్ కోర్టు అలా కాదు. ఫెడరల్ చట్టం మీద తగాదా అయినా కావాలి, లేదంటే ఇటువైపు వాళ్లదొక రాష్ట్రం, అటువైపు వాళ్లది ఇంకో రాష్ట్రం అయినా కావాలి. మనది రెండో రకం అనుకున్నాం."

"నేను వేసింది మన కౌంటీ కోర్టులో. వాళ్లు కదా ఫెడరల్ కోర్టుకి లాక్కెళ్లింది!"

"వాళ్లే. మేం అయోవా, ఆయన నెబ్రాస్కా అని కాగితం రాసి మార్పించుకున్నారు. మీ కౌంటీలో అయితే జ్యూరీలో కూర్చున్న ప్రతివాడూ ఆర్డిస్ గారి చేతి రొట్టె తిన్నవాడే అయ్యుంటాడని భయం."

"అక్కడ ఓడిపోయాక ఇప్పుడు ఆ కోర్టుకి అధికారమే లేదంటారా?"

"అనొచ్చు. వాళ్లు అనకపోయినా జడ్జీలే అనాలి. లేని అధికారం మనం అందరం ఒప్పుకున్నా రాదు."

"మరి ఆ జ్యూరీ ఎనిమిది మంది చెప్పిన మాట?"

మార్టా చేతిలో సంచీ ఇటునుంచి అటు మార్చుకుంది. "భాగస్తుల్లో ఒక్క నెబ్రాస్కా మనిషి తేలినా, అది చెప్పనట్టే."

"చెప్పనట్టే అంటే? నేను విన్నాను. ఈ చెవులతో విన్నాను."

"పేర్లు అడగాల్సింది నేను. అడగలేదు. నా తప్పే ఎల్డన్ గారూ."

"అవును. నీ తప్పే" అన్నాడు ఎల్డన్. టోపీ పెట్టుకుని మెట్లు దిగిపోయాడు. మళ్లీ ఎనిమిది గంటలు. దారిలో రేడియో పెట్టలేదు.

ఆర్డిస్ ఏప్రిల్లో పోయింది. మొక్కజొన్న విత్తే ముందు నేలకి ఎరువుగా అమోనియా పట్టిస్తారు. చక్రాల మీది తెల్ల ట్యాంకు కంపెనీ వాళ్లదే, గొట్టం కూడా వాళ్లదే. ఎల్డన్ ట్రాక్టరు మీద ఉన్నాడు. ఆర్డిస్ ట్యాంకు దగ్గర మీట తిప్పాలి. ఆమె గొట్టం దగ్గర చాలాసేపు నిలబడింది. పడమటి నుంచి మబ్బు వస్తోంది. ఎల్డన్ హారన్ కొట్టాడు. మళ్లీ కొట్టాడు. ఆమె మీట తిప్పింది. గొట్టం చీలింది. తెల్లటి పొగ ఆమెను కప్పేసింది. అతను పరిగెత్తుకు వెళ్లేసరికి చెయ్యడానికి ఏమీ మిగల్లేదు.

ఆమె మీట తప్పుగా తిప్పిందని కంపెనీ అంది. పరాకు మనిషనీ, దస్తానాలు వేసుకోలేదనీ గ్రిమ్స్‌లీ జ్యూరీ ముందు అన్నాడు. గొట్టం మీద అచ్చు వేసిన తేదీ చూపించింది మార్టా. మార్చాల్సిన గడువు దాటి ఆరేళ్లు. ఎనిమిది మంది లోపలికి వెళ్లి రెండు గంటల్లో తిరిగి వచ్చారు. ఆర్డిస్ కూచెరా తప్పు ఏమైనా ఉందా అన్న ప్రశ్నకు లేదు అని రాశారు. జ్యూరీ పెద్దగా కూర్చున్న పశువైద్యురాలు నిలబడి ఆ మాట పైకి చదివింది. పరిహారం ఎంతో కూడా చదివింది. అది ఎల్డన్ చెవికి ఎక్కలేదు. లేదు అన్న మాట మాత్రం ఎక్కింది. అప్పటినుంచి రోజూ ఆ మాట తలుచుకునే నిద్ర లేస్తున్నాడు.

హారన్ సంగతి కోర్టులో ఎవరూ అడగలేదు. అతనూ చెప్పలేదు.

మర్నాడు ఊళ్లో ధాన్యం గోదాము పక్క హోటల్లో చిల్లీ అనే మాంసం పులుసు, దాల్చిన చెక్క రొట్టె తింటుంటే ఎదురుగా వెర్ల్ కూర్చున్నాడు. వెర్ల్‌ది పక్క పొలం. ఏభై ఏళ్ల స్నేహం.

"ఏరా, సెయింట్ లూయిస్ వాళ్లు ఏమన్నారు?"

"ఎవరింటికి వచ్చావో చూసుకో అన్నారు."

"అదేంట్రా?"

చెప్పాడు. వెర్ల్ చెంచా కింద పెట్టాడు. "అంటే జడ్జి, జ్యూరీ, ఆ తొమ్మిది రోజులు, నేను పొలం వదిలేసి వచ్చి సాక్ష్యం చెప్పిందీ, అంతా ఉత్తుత్తి ఆటేనా?"

"ఆటే."

"ఇంకా పైన వాషింగ్టన్‌లో ఉన్నారుగా తొమ్మిది మంది పెద్ద జడ్జీలు. అక్కడికి పోరా. నీకేం, పశువులు కూడా లేవు."

"అడిగాను. వందకి ఒక కేసు తీసుకుంటారట. ఈ సంగతి డెబ్బై ఏళ్ల కిందటే తేల్చేశారట. మార్పించుకున్నవాడే ఓడిపోయి, అధికారం లేదు పొమ్మంటే, నిజమే అన్నారట."

"ఎవడికి అన్నారు?"

"ఓ బీమా కంపెనీకి."

"అంతే మరి. మనకైతే అనేవాళ్లా?" వెర్ల్ రొట్టె ముక్క చిల్లీలో ముంచాడు. "అయినా అయోవా కంపెనీలో మనవాడు ఎందుకుంటాడ్రా? నది దాటి వాటా కొనుక్కునేంత వెర్రివాడు మన పక్క ఎవడున్నాడు?"

"ఉంటే వాడి పేరు తెలుసుకుంటాను. జన్మలో వాడి మొహం చూడను."

"నువ్వు మొహం చూడనివాళ్ల లెక్క ఇప్పటికే చాంతాడంత ఉంది. నన్ను మాత్రం అందులో కలపకు."

వెర్ల్ నవ్వులాటకి అన్నా అది నిజమే. ఎల్డన్ ఒకసారి వద్దనుకున్నవాళ్లు మళ్లీ గడప తొక్కలేదు. ఆర్డిస్ మేనత్త వెల్డా పెళ్లినాడు, వలసొచ్చిన బొహీమియా రైతుల ఇంట పుట్టిన అతన్ని చెర్చి మెట్ల మీద నలుగురిలో "పేడ కాళ్ల బొహీమియా వాడు" అంది. నలభై మూడేళ్లు ఆమెతో మాట్లాడలేదు. ఆమె పంపిన క్రిస్మస్ పెట్టెలు విప్పకుండా తిప్పి పంపాడు. ఆమె చచ్చిపోతే ఆర్డిస్ ఒక్కతే వెళ్లి వచ్చింది. "దాని చెంచా కూడా నా ఇంట్లోకి రాకూడదు" అన్నాడు అప్పుడు. ఆర్డిస్ కోటు కొక్కేనికి తగిలించింది.

పదకొండో రోజు మార్టా వచ్చింది. ఫోను చెయ్యలేదు. నూట ఇరవై మైళ్లు కారు తోలుకుని పెరట్లోకి వచ్చి ఆగింది. ఎల్డన్ చెత్త కాల్చే పీపా దగ్గర ఉన్నాడు. కంపెనీ పేరున్న కవరు ఏదొచ్చినా విప్పకుండా ఆ పీపాలో వెయ్యడం ఆర్డిస్ పోయిన దగ్గర్నుంచీ అతనికి అలవాటు.

వంటింట్లో బల్ల దగ్గర కూర్చున్నారు. గోడ మీద పాత క్యాలెండరు ఏప్రిల్ దగ్గర ఆగి ఉంది. ఆర్డిస్ తగిలించింది అది. కింద కంపెనీ పేరున్న అంచుని ఎల్డన్ కత్తెరతో కోసేశాడు. పైన ఆమె చేతి రాత ఉంది కనుక మిగతాది ఉంచాడు.

"పేర్లు వచ్చాయి" అంది మార్టా. "రెండు వందల పద్నాలుగు. ఒక్కరు తప్ప అందరూ అయోవా వాళ్లే."

"ఎవడు వాడు?"

మార్టా కాగితం తిప్పి అతని వైపు జరిపింది. తొమ్మిదో పేజీ. ఆమె వేలు పెట్టిన చోట చూశాడు. కళ్లజోడు తీసి చొక్కాకి తుడుచుకుని మళ్లీ చూశాడు.

ఆర్డిస్ కూచెరా వారసుల తరఫున ఎల్డన్ కూచెరా, నెబ్రాస్కా. రెండు వాటాలు.

"ఇది అబద్ధం."

"కాదండీ. నిన్నంతా ఆరా తీశాను. వెల్డా గారు వీలునామాలో మేనకోడలికి రాశారు. ఆర్డిస్ గారు సంతకం పెట్టి తీసుకున్నారు. ఆవిడ పోయాక మీకు వచ్చాయి. మీకు అయిదు ఉత్తరాలు రాశామని కంపెనీ అంటోంది."

ఎల్డన్ కిటికీలోంచి పీపా వైపు చూశాడు. ఇంకా పొగ వస్తోంది.

"అంటే దావా వేసిన రోజున..."

"మీరు అటువైపూ ఉన్నారు, ఇటువైపూ ఉన్నారు."

"దాన్ని చంపిన కంపెనీ దానిదేనా?"

"రెండు వందల పద్నాలుగు మందిలో ఒకరు."

ఎల్డన్ లేచి పంపు తిప్పి గ్లాసు నింపి, తాగకుండా మళ్లీ కూర్చున్నాడు. నలభై మూడేళ్ల పాటు ఒకే బల్ల దగ్గర తిన్నారు. అతనికి తెలియకుండా ఆమె ఒక గుండీ కూడా కొన్నది లేదనుకున్నాడు.

"నాకెందుకు చెప్పలేదు?"

జవాబు అతనికే తెలుసు. దాని చెంచా కూడా రాకూడదన్నాడు. చెంచా రాలేదు. ఈ కాగితం వచ్చింది.

"తీర్పు కొట్టేస్తారు" అంది మార్టా మెల్లగా. "కేసు మళ్లీ మీ కౌంటీ కోర్టుకే వస్తుంది. మొదట్నుంచీ మొదలుపెట్టాలి. దీని వెనక వాటా ఎప్పుడు మారిందో రుజువుగా కంపెనీ వాళ్లు సభ్యుల సమావేశం పేజీ ఒకటి జత చేశారు. పైన గీత గీసిన వాక్యం ఒక్కటీ చూస్తే చాలు."

ఎల్డన్ ఎనిమిదో తరగతి దాకా చదివాడు, ఒకే గదిలో నడిచిన బడిలో. అక్కడి పంతులమ్మ పేజీ చివరిదాకా చదవకుండా ఎవరినీ కదలనిచ్చేది కాదు. అతను పేజీ తిప్పాడు. తేదీ ఫిబ్రవరి రెండో గురువారం, ఆర్డిస్ పోయిన ఏడాదే. వెల్డా వాటాలు ఆర్డిస్ పేరుకి మార్చడానికి సభ్యులు ఒప్పుకున్నారు. గీత గీసిన వాక్యం అక్కడితో అయిపోయింది. అతను వేలు కిందికి జరుపుకుంటూ చదివాడు. గోదాము కప్పు బాగుచెయ్యాలి. మధ్యాహ్నం భోజనం పెట్టిన వాళ్లకి వందనాలు. వేలు ఆగింది.

కొత్త సభ్యురాలు ఆర్డిస్ కూచెరా లేచి, అమోనియా ట్యాంకుల గొట్టాల మీద తేదీలు దాటిపోయినట్టు తాను చూశానని, వాటిని ఎప్పుడు మారుస్తారని అడిగారు. ఈ సీజను కానిచ్చి మారుస్తామని మేనేజరు చెప్పారు.

"ఇది చదివావా?" అన్నాడు ఎల్డన్. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

మార్టా కాగితం లాక్కుని చదివింది. మళ్లీ చదివింది. "దేవుడా" అంది. "వాళ్లూ చదివినట్టు లేరు. గీత దాకా చదివి పంపేశారు."

ఎల్డన్ లేచి క్యాలెండరు దగ్గరికి వెళ్లాడు. ఏప్రిల్ కాగితం వెనక్కి తిప్పి, మార్చి తిప్పి, ఫిబ్రవరి చూశాడు. రెండో గురువారం చుట్టూ పెన్సిలు సున్నా. పక్కన ఆర్డిస్ రాత: జోన్ ఇంట్లో బొంత కుట్టు. జోన్ ఆమె చెల్లెలు, నదికి అవతలి ఒడ్డున అయోవాలో ఉంటుంది. ఆ రోజు సాయంత్రం ఆర్డిస్ వచ్చాక, బొంత ఎంతవరకు వచ్చిందని కూడా అతను అడగలేదు.

"వాళ్లకి ముందే తెలుసు" అంటోంది మార్టా. ఆమె మొహంలోకి రక్తం వచ్చింది. "సభలో చెప్పించుకుని కూడా మార్చలేదు. ఎల్డన్ గారూ, ఇది పోయినసారి మన దగ్గర ఉంటే..." అని ఆగిపోయింది. మొహం మళ్లీ మారింది.

"ఏమైంది?"

"రెండు వైపులా కోస్తుందిది. ఆవిడకీ తెలుసు కదా. గొట్టం పాతదని తెలిసి మీట ఎందుకు తిప్పిందని గ్రిమ్స్‌లీ అడుగుతాడు. సగం తప్పు ఆవిడదే అని జ్యూరీ అన్నా మనకి ఏమీ దక్కదు. కేసు పోతుంది. పోయినసారి లేదు అన్నారే, ఆ మాట ఈసారి రాకపోవచ్చు."

ఎల్డన్ క్యాలెండరు మీంచి చెయ్యి తియ్యలేదు.

ఆమె ట్యాంకు దగ్గర అంతసేపు ఎందుకు నిలబడిందో ఇన్నేళ్లలో అతను ఒక్కసారీ ఆలోచించలేదు. పరాకు అనే అనుకున్నాడు. కోర్టులో గ్రిమ్స్‌లీ పరాకు మనిషి అన్నప్పుడు వాడి గొంతు పిసకాలనిపించింది. కానీ ఆ రోజు ట్రాక్టరు మీద కూర్చుని అతను అనుకున్నదీ అదే మాట. ఆమె వంగి గొట్టం చూస్తోంది. తేదీ చదువుతోంది. ఈ సీజను కానిచ్చి మారుస్తామన్నారు. ఇదే ఆ సీజను. ఇది పాతది, వద్దు అని అతనికి చెప్పాలంటే, నీకెలా తెలుసు అంటాడు. ఎలా తెలుసో చెప్పాలంటే వెల్డా పేరు ఎత్తాలి. ఆమె తలెత్తి ట్రాక్టరు వైపు చూసింది. అది అతనికి బాగా గుర్తుంది. అతను హారన్ కొట్టాడు.

"ఈ పేజీ జ్యూరీకి చూపించాలా వద్దా అన్నది మనం ఆలోచించుకోవాలి" అంది మార్టా. "తొందరేం లేదు."

ఆమె కారు వెళ్లిపోయిన చాలాసేపటికి చూసుకుంటే చేతిలో ఫిబ్రవరి కాగితం ఉంది. ఎప్పుడు చించాడో తెలియలేదు.

ఏడు వారాలకి అప్పీలు కోర్టు ఉత్తర్వు వచ్చింది. రెండున్నర పేజీలు. కింది కోర్టుకి అధికారం లేదు, తీర్పు రద్దు, కేసు మొదలైన రాష్ట్ర కోర్టుకి తిప్పి పంపాలి. ఆర్డిస్ పేరు ఒక్కసారి వచ్చింది, అదీ వాటాదారుగా. అది రాసిన జడ్జీల మీద కోపం తెచ్చుకుందామని చూశాడు. రాలేదు. ఉన్నది ఉన్నట్టు రాశారు.

కౌంటీ కోర్టు భవనంలో మొదటి అంతస్తు కిటికీ దగ్గర డెలొరిస్ కూర్చుంటుంది. ముప్ఫై ఏళ్లుగా ఆమే గుమాస్తా. ఆర్డిస్‌తో కలిసి చెర్చిలో పాడేది. ఎల్డన్‌ని చూసి పాత కట్ట బల్ల మీద పెట్టింది.

"మూడేళ్ల కిందట తీసుకెళ్లారు. దారం కూడా విప్పలేదయ్యా" అంది. "అదే నంబరు, అదే కట్ట. ఊరంతా తిరిగి మళ్లీ నా దగ్గరికే వచ్చింది."

"జ్యూరీలో ఎంతమంది ఇక్కడ?"

"పన్నెండు. అందరూ మనవాళ్లే. ఆర్డిస్ అంటే ప్రాణం పెట్టే వాళ్లే. నీకు దిగులెందుకు?"

మార్టా అతని పక్కన నిలబడి ఉంది. చేతిలో కొత్త కాగితాలు. "ఆ పేజీ లేకుండా ఒకటి రాశాను, పెట్టి ఒకటి రాశాను. ఏది ఇమ్మంటారు?"

"పెట్టిందే ఇయ్యి."

"కేసు పోవచ్చు ఎల్డన్ గారూ. మళ్లీ చెబుతున్నాను."

"అది లేచి నిలబడి అడిగింది. రెండు వందల మందిలో ఒక్కతే అడిగింది. ఇంట్లో మొగుడికి చెప్పలేక అక్కడికి పోయి అడిగింది. ఆ సంగతి పన్నెండు మందీ వినాలి."

"సరే. మరి తెలిసి మీట ఎందుకు తిప్పిందంటే ఏం చెబుదాం?"

డెలొరిస్ ముద్ర చేతిలో పట్టుకుని ఇద్దరినీ చూస్తోంది. ఎల్డన్ టోపీ తీశాడు. కిటికీ ముందున్న చెక్క మీద పెట్టాడు.

"నేను హారన్ కొట్టాను" అన్నాడు. "రెండుసార్లు."

మార్టా అతని మొహం చూసింది. "ఆ మాట మీరు ఇంతవరకూ ఎవరికీ..."

"అడిగినవాడు లేడు. ఇప్పుడు అడుగు. నన్నే బోనెక్కించు. తప్పు వాళ్లదెంతో, నాదెంతో పన్నెండు మందీ తేలుస్తారు. దానిది లేదని రాస్తే చాలు."

"మీ తప్పు అని తేలితే మీకు ఏమీ రాదు. తెలుసా?"

"తెలుసు. రాయి."

మార్టా చెక్క మీద వంగి, కాగితం చివర హారన్ సంగతి ఒక వాక్యంలో చేత్తో రాసింది. ఎల్డన్ పేజీ మొదటి నుంచి కింది దాకా చదివి సంతకం పెట్టాడు. డెలొరిస్ ముద్ర వేసి కాగితాలు లోపలికి లాక్కుంది. అతన్ని మాత్రం మళ్లీ తలెత్తి చూడలేదు.